కొత్త మార్పులు: లేవు

"నోరు తెరవండి మాస్టారూ."

"ఒక్క నిమిషం మాట్లాడనివ్వండమ్మా. తెరిచాక ఇంక మీదే రాజ్యం కదా," అన్నాడు టైలరు.

చెప్పులు విడిచి, కళ్ళద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండు నెలలుగా నెలనెలా ఇదే వరస. పళ్ళ ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లకీ మందుల గదికీ మధ్య ఇరుక్కున్న ఈ గదిలో నోటి తెల్లమచ్చల మీద పరిశోధన జరుగుతోంది. పొగాకు నమిలేవాళ్ళకీ, కాల్చేవాళ్ళకీ, ఒక్కోసారి ఏ పాపమూ ఎరగనివాళ్ళకీ నోట్లో తెల్లటి మచ్చ వస్తుంది. నొప్పి ఉండదు. తుడిస్తే పోదు. చాలామందికి అలాగే ఉండిపోతుంది. కొందరికి మాత్రం కొన్నాళ్ళకి క్యాన్సరై కూచుంటుంది. ఎవరికి అవుతుందో ముందే చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ మచ్చను తగ్గిస్తుందని పెద్దడాక్టరు నమ్మిన మందు ఒకటుంది. దాన్ని నలభైమంది మీద పరీక్షిస్తున్నారు. సగంమంది క్యాప్సూళ్ళలో మందు, మిగతా సగంమంది క్యాప్సూళ్ళలో ఉత్త పిండి. ఎవరిది ఏదో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. బీరువాలో ఉన్న సీలు కవర్లకే తెలుసు.

ఆ నలభై నోళ్ళనీ కొలిచే పని ఇప్పుడు నోరు తెరవమన్న ఆమెది. చిన్న కాగితపు స్కేలు ముక్క మచ్చ పక్కన ఆనించి, ఫొటో తీసి, మిల్లీమీటర్లు రాస్తుంది. అందుకని ఆసుపత్రిలో అందరికీ ఆమె స్కేలక్క. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటే ఉండొచ్చు.

"పోనీ ఒక సంగతి చెప్పండి," అన్నాడు టైలరు, నోరు ఇంకా తెరవకుండానే. "ఎప్పుడూ ఆ ఒక్క మచ్చే కొలుస్తారేంటి? నేను ఒక్క చెయ్యి కొలిచి చొక్కా కుట్టి ఇస్తే మీరు ఊరుకుంటారా?"

"రూలు మాస్టారూ. మొదటిరోజు ఏ మచ్చ ఎంచుకున్నామో చివరిదాకా దాన్నే కొలవాలి."

"మీ రూలు బానే ఉంది. వేసుకునేవాడికి పట్టాలిగా మరి," అని నవ్వి నోరు తెరిచాడు.

ప్లాస్టిక్ కొక్కెంతో పెదవి మూల పక్కకి లాగింది. నాలుక కింద దూది చుట్ట పెట్టింది, ఉమ్ము పీల్చుకోవడానికి. ఎడమ బుగ్గ లోపలి భాగాన్ని మెత్తగా తుడిచి ఆరనిచ్చింది. స్కేలు ముక్క ఆనించింది. మొదటి నెల ముప్పైఒకటి ఉన్న మచ్చ ఇప్పుడు పద్నాలుగు. నలభైమందిలోనూ ఇంతగా ఎవరికీ తగ్గలేదు. పెద్దడాక్టరు ఇతన్ని పేరుపెట్టి పిలవడు. "మన పదిహేడు" అంటాడు, పరిశోధనలో అతని నంబరు కాబట్టీ, ముద్దు కొద్దీనూ.

ఫొటో తీసి దూది చుట్ట బయటికి లాగింది. దాని అంచున ఎర్రగా ఉంది.

అద్దంతో నాలుక పైకెత్తి చూసింది. కుడివైపు, నాలుక కింది అంచున, ఎర్రటి మచ్చ. మీద అక్కడక్కడ తెల్లటి చుక్కలు, అంచులు కొంచెం లేచి ఉన్నాయి. చేతి తొడుగు వేలితో నొక్కింది. గుడ్డ మడత కింద బొత్తాం తగిలినట్టు గట్టిగా తగిలింది. మళ్ళీ దూది అద్దితే మళ్ళీ ఎరుపు.

అది కొత్తది కాదు. పోయిన నెల కూడా అక్కడ కాస్త ఎర్రగా కనిపించింది. చిన్నదే. ఫారం చివర ఒక గడి ఉంటుంది, "కొత్త మార్పులు: ఉన్నాయి, లేవు" అని. "ఉన్నాయి" దగ్గర టిక్కు పెడితే ఇంకో ఆరు పేజీలు నింపాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఏ రంగు, ఎవరికి చెప్పారు, ఎన్నింటికి చెప్పారు. ఆ రోజు ఒంటిగంట కావస్తోంది, బయట ఇంకో ముగ్గురు కూచుని ఉన్నారు, ఆకలేస్తోంది. నాలుక కరుచుకుని ఉంటాడులే అనుకుని "లేవు" దగ్గర టిక్కు పెట్టేసింది. ఈ గదిలో పనిచేసిన వాళ్ళెవరైనా ఎప్పుడో ఒకప్పుడు పెట్టే టిక్కే అది.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదమ్మా, మంట. కారం తగిలితే చురుక్కుమంటుంది. వయసుకి నోరు కూడా అరుగుతుందేమో."

"ఉండండి, సార్‌ని పిలుస్తాను."

పెద్దడాక్టరు వచ్చాడు. రోగుల దగ్గర మంచివాడని పేరు. అద్దం చల్లగా తగలకుండా వేడినీళ్ళలో ముంచి కానీ నోట్లో పెట్టడు. నాలుక పక్కకి తిప్పి చూశాడు, వేలు పెట్టి నొక్కాడు. ఒక్క క్షణం ఆ వేలు అక్కడే ఆగింది. స్కేలక్క ఆ ఆగడం చూసింది.

"పన్ను గీరుకుంటోంది మాస్టారూ. అంచు నున్నగా చేసేస్తా, సరిపోతుంది," అన్నాడు. రెండు నిమిషాల్లో పన్ను అరగదీసి, భుజం తట్టి, నెలకి సరిపడా క్యాప్సూళ్ళ డబ్బా చేతికిచ్చి పంపించాడు. టైలరు రెండు చేతులా డబ్బా అందుకున్నాడు.

అతను మెట్లు దిగేదాకా ఆగి ఆమె అంది, "సార్, గట్టిగా ఉంది."

"నాకూ వేళ్ళున్నాయమ్మా."

"అలాంటిది కనిపిస్తే ఆగకుండా ముక్క తీసి పరీక్షకి పంపాలని మీరే…"

"ముక్క తీస్తే ఏమవుతుందో తెలుసు కదా? అతను పరిశోధనలోంచి వెళ్ళిపోవాలి. పరిశోధన అయిపోవడానికి ఇంక నాలుగు వారాలే. ముగింపు రోజున నా చేత్తో నేనే తీస్తాను. నాలుగు వారాల్లో కొంపలేం మునిగిపోవు." గొంతు తగ్గించాడు. "నలభైమంది ఉంటేనే ఫలితం నిలబడుతుంది. ముప్పైతొమ్మిదైతే ఎవడూ లెక్కచెయ్యడు. పైగా పదిహేడు! అందరికన్నా బాగా తగ్గిందే అతనికి. అతన్ని పోగొట్టుకుని ఇంక నేను చూపించేదేముంది?"

"మరి ఫారంలో?"

"పన్ను గీరుకోవడం మార్పు కాదు. లేవని పెట్టు."

ఆమె పెట్టింది. కింద సంతకం చేసి తేదీ వేసింది. పోయిన నెల టిక్కు తన బద్ధకం, ఈ నెల టిక్కు ఆయన ఆజ్ఞ. కాగితం మీద రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ అసహ్యంతోనే తరవాతి రోగిని పిలిచింది.

మర్నాడు డ్యూటీ అయ్యాక, తన తెల్లకోటు సంచిలో పెట్టుకుని టైలరు కొట్టుకి వెళ్ళింది. కోటు జేబు ఒక మూల ఊడిన మాట నిజమే. దాన్ని ఇంట్లో సూదితో రెండు పోట్లు పొడుచుకోవచ్చన్న మాటా నిజమే.

కొట్టంటే వీధిలోకి తెరుచుకున్న ఒక గది. గుమ్మం దగ్గర మిషను, వెనక గుడ్డలు కోసే బల్ల, గోడకి మేకులకి తగిలించిన కత్తెరలు, టేపులు. బల్ల చివర ఎత్తుపీట మీద మాస్టారి భార్య కాజాలు కుడుతోంది. ఆమెకి కళ్ళు చేతుల మీద ఉన్నా వీధంతా కనిపిస్తుంది.

"రామ్మా, రా! ఈయన నీ గురించే చెబుతుంటారు రోజూ. నా గురించైనా అంత చెప్పి ఉండరు ఎవరితోనూ."

"చెప్పడానికి నువ్వు మాట్లాడటం ఆపాలిగా," అన్నాడు టైలరు పెదవుల మధ్య గుండుసూదులతో. అవి ఎడమవైపున ఉన్నాయి. కుడివైపు పెదవి బిగించడం లేదు. స్కేలక్క అది గమనించింది.

కోటు అందుకుని జేబు తిప్పి చూశాడు. "ఎవరమ్మా కుట్టింది ఇది? ఒంటి కుట్టేసి వదిలేశాడు. స్కేళ్ళూ కత్తెర్లూ పెట్టుకునే జేబుకి మూలలో గట్టి కుట్టుండొద్దూ?" అంటూ తెల్లదారం తీసి, కొస నోట్లో తడుపుకోబోయి ఆగి, మొహం చిట్లించి, దారాన్ని భార్య వైపు చాచాడు. ఆవిడ మారుమాట్లాడకుండా తన నోట్లో తడిపి సూదికి ఎక్కించి ఇచ్చింది. అది వాళ్ళకి అలవాటైపోయినట్టుంది.

"చూశావా? వారం పదిరోజులుగా ఇదే వరస," అంది ఆవిడ. "అన్నం కూడా ఒకవైపే నములుతారు. అడిగితే పన్ను అంటారు. నిన్న మీ డాక్టరు గారు అరగదీశారటగా. అయినా తగ్గలేదే మరి?"

గోడ మీద, క్యాలెండరు పక్కన, క్యాప్సూళ్ళ కార్డులు పదకొండు వరసగా గుచ్చి ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఒక టిక్కు, సాయంత్రం ఏడింటికి ఒక టిక్కు. ఒక్క గడి ఖాళీ లేదు. టిక్కులన్నీ బట్టల మీద గుర్తులు పెట్టే పెన్సిలుతో, ఒకే వాలులో.

"ఒక్క పూటా తప్పలేదా మాస్టారూ?"

"తప్పితే మీ లెక్క చెడిపోదూ? డాక్టరు గారు మొదటిరోజే చెప్పారు, మీ ఒక్కరి నోటివల్ల రేపు వేలమందికి మందు దొరుకుతుందని. నేను పదో తరగతి కూడా గట్టెక్కలేదమ్మా. అలాంటివాడి నోరు ఒక పనికొస్తుందంటే మాటలా? మాటిచ్చాను. పొగాకు కూడా ఆ రోజే మానేశాను."

ఆమె సూటిగా చెప్పేసింది.

"మాస్టారూ, ఆ నాలుక కింద మచ్చ నాకు నచ్చలేదు. రేపే ఇంకో ఆసుపత్రికి వెళ్ళి ముక్క పరీక్ష చేయించుకోండి. నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి."

కాజా కుడుతున్న చెయ్యి ఆగింది. టైలరు మాత్రం నవ్వాడు.

"పెద్దడాక్టరు గారు వేలుపెట్టి చూశారు. ఏం లేదన్నారు."

"నాకు ఉందనిపిస్తోంది."

"మరి మీరు కాయితంలో ఏం రాశారు?"

అతను ఆమె వైపే చూస్తున్నాడు, కొలత చెప్పమని అడిగినట్టు.

"లేవని రాశాను," అంది చివరికి.

"ఇంకేం మరి? మీరు రాస్తే రాసినట్టే. పదకొండు నెలల్లో మీ కొలత ఒక్కసారి తప్పడం నేను చూళ్ళేదు. ఆయన మాట ఎలా ఉన్నా, నేను నమ్మింది మీ అంకెని."

"తప్పు రాశాను మాస్టారూ! రాయమన్నారు, రాశాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. టైలరు పెదవుల మధ్య నుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చాడు.

"స్కేలు ఉందా మీ దగ్గర?"

కోటు పైజేబులోనే ఉంది, కొత్త కట్ట. మాస్టారి భార్య కుర్చీ గుమ్మం దగ్గరికి, వెలుతుర్లోకి జరిపింది. స్కేలక్క చేతులు కడుక్కొచ్చింది. ఉతికిన గుడ్డముక్కతో టైలరు తన నాలుక కొస తనే పట్టుకుని పక్కకి లాగాడు. ఆమె స్కేలు ముక్క ఆనించి పట్టుకుంది. ఆవిడ దువ్వెన వెనక ఉన్న చిన్న అద్దం మొగుడి మొహం ముందు పెట్టింది. అతను కళ్ళద్దాలు పెట్టుకుని, తిరగబడి కనిపిస్తున్న గీతల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"తొమ్మిది," అన్నాడు నాలుక వదిలి.

"తొమ్మిది," అందామె.

"ఇది పన్ను గీరిన గీత కాదు. గుండ్రంగా ఉంది." గుడ్డముక్క మీది ఎర్రటి మరకని చూసి మడతపెట్టాడు. "సరే. తప్పు కుట్టు పడితే మేమేం చేస్తాం? విప్పి మళ్ళీ కుడతాం. మీరూ వెళ్ళి సరిగ్గా రాయండి. రాశాక ఆయన రమ్మంటే వస్తాను. దొంగచాటుగా ఇంకో ఆసుపత్రికి మాత్రం వెళ్ళను."

"ఏం మనిషండీ బాబూ మీరు! నోరు మీదా, వాళ్ళదా?" అంది భార్య.

"మాట నాది," అన్నాడు.

కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది స్కేలక్క. నిన్నటి ఫారం దిద్దాలి, అది నిశ్చయమైంది. పోయిన నెల ఫారం సంగతి మాత్రం ఆమె వాళ్ళకి చెప్పలేదు. చెప్పడానికి సందు దొరకలేదని దారిపొడుగునా తనకి తనే చెప్పుకుంది.

బుధవారం పొద్దున ఎవరూ రాకముందే పదిహేడో ఫైలు తీసింది. ఈ గదిలో తెల్లరంగు పూసి దిద్దడం నిషిద్ధం. తప్పు పడితే దాని మీద ఒక్క అడ్డగీత గియ్యాలి, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కనే సరైనది రాసి, పొడి అక్షరాలూ తేదీ వెయ్యాలి. ఒకసారి అలా గీసిన గీతని ఎవరూ తుడవలేరు, పేజీ చింపలేరు, ఎందుకంటే ప్రతి పేజీకీ అంకె ఉంటుంది, కింద పచ్చ నకలు ఉంటుంది. తప్పూ కనపడాలి, దిద్దిందీ కనపడాలి. ఇదంతా ఆమెకి పెద్దడాక్టరే నేర్పాడు.

సోమవారం నాటి "లేవు" మీద ఒక్క గీత గీసింది. "ఉన్నాయి" దగ్గర టిక్కు పెట్టింది. ఆ తరవాత ఆరు పేజీలు. నాలుక కింద కుడి అంచు. తొమ్మిది మిల్లీమీటర్లు. ఎరుపు, మీద తెల్లచుక్కలు. గట్టిగా ఉంది, ముట్టుకుంటే రక్తం. డాక్టరుకి చెప్పిన సమయం, సోమవారం పదకొండున్నర. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. పోయిన నెల తను మిగుల్చుకున్న నలభై నిమిషాలు ఇవే.

ఆ పేజీ వెనకే పోయిన నెల పేజీ కూడా ఉంది. చూసింది. ఫైలు మూసేసింది.

పెద్దడాక్టరు తొమ్మిదింటికి వచ్చి, నిలబడే చదివాడు. మెడ మీదికి ఎరుపు పాకింది.

"ఎవరు కొట్టెయ్యమన్నారు?"

"తప్పైతే ఒక్క గీత గియ్యమని మీరే నేర్పారు సార్."

"నీ పని కొలవడం. తేల్చడం కాదు."

"కొలిచాను సార్. తొమ్మిది."

ఫైలు బల్ల మీద పడేశాడు. కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. అరుస్తాడనుకుంది కానీ అరవలేదు. కుర్చీలో కూచుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఈ మందు మీద ఏడేళ్ళు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తరవాత ఫోన్ ఆమె వైపు తోశాడు. "రమ్మను."

టైలరు పదింటికల్లా వచ్చాడు, ఉతికిన చొక్కాతో. ముక్క పెద్దడాక్టరే తీశాడు. ఆ పని ఎంత చక్కగా చేశాడో చెప్పకపోతే పాపం. మత్తుసూది గుచ్చేటప్పుడు దృష్టి మళ్ళించడానికి గుడ్డల రకాల గురించి అడిగాడు, రెండు కుట్లు ఒకే ఎడంతో పడ్డాయి. టైలరు ఆ కుట్లని అద్దంలో చూసుకుని తలూపాడు, బాగున్నాయన్నట్టు. మాట్లాడలేడు కదా.

అతను వెళ్ళాక పెద్దడాక్టరు చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "రేపట్నుంచి కింద పాత ఫైళ్ళ గదిలో కూచో. ఇక్కడికి వేరేవాళ్ళు వస్తారు."

ఫలితం మళ్ళీ సోమవారం వచ్చింది. కింద గదిలో దుమ్ము దులుపుతున్న స్కేలక్కకి కబురొచ్చింది. పైకి వెళ్ళేసరికి పెద్దడాక్టరు బల్ల మీద ఒక కాగితం, ఒక సీలు కవరు పెట్టుకుని ఉన్నాడు.

"క్యాన్సరే," అన్నాడు. "పొద్దున వాళ్ళిద్దరికీ చెప్పాను. నాలుకలో కొంత తీసెయ్యాలి. మెడలో గడ్డలు కూడా చూడాలి."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. తెలుసనుకున్న సంగతే.

"రోగి ఇలా వెళ్ళిపోతే కవరు తెరవాలి. సాక్షి సంతకం కావాలి. కొత్త మార్పు రాసింది నువ్వు కాబట్టి నీదే ఉండాలి."

కవరు చింపాడు. లోపల చిన్న చీటీ. చదివి, మళ్ళీ చదివి, కుర్చీకి జారగిలబడ్డాడు.

"ఉత్తదే," అన్నాడు.

"ఏంటి సార్?"

"పదిహేడుకి ఇచ్చింది మందు కాదు. పిండి. పదకొండు నెలలూ పిండే. ఆ బుగ్గ మచ్చ దానంతటదే తగ్గింది. పొగాకు మానేశాడు కదా, తగ్గింది."

స్కేలక్కకి టైలరు కొట్టు గోడ మీది కార్డులు కళ్ళకి కట్టాయి. పొద్దున ఏడింటికి ఒక టిక్కు, సాయంత్రం ఏడింటికి ఒక టిక్కు.

పెద్దడాక్టరు చీటీ వైపే చూస్తూ నెమ్మదిగా లెక్కలోకి దిగాడు. పెదవులు కదులుతున్నాయి. "అంటే ఆ తగ్గడం మనకి వ్యతిరేకంగా పోయేది. ఇప్పుడు పిండి గుంపులో ఒక క్యాన్సర్. మందు గుంపులో ఒక్కటీ లేదు." ఆగాడు. మొహంలో ఒక వెలుగు వచ్చి, వచ్చినందుకు తనే ఉలిక్కిపడినట్టు పోయింది. కానీ మాట అప్పటికే జారిపోయింది. "ఇది ముందే తెలిస్తే ఆ సోమవారమే ముక్క తీసేసేవాణ్ణి."

అన్నాక ఆమె వైపు చూశాడు. ఆమె చూస్తూనే ఉంది.

"సంతకం చెయ్యమ్మా," అన్నాడు తల దించుకుని.

చేసింది. ఒక మనిషి నాలుక ఎప్పుడు కొయ్యాలో ఒక చీటీలో ఉన్న మాటని బట్టి ఉంటుందన్నమాట. ఆమెకి ఆయన్ని తిట్టాలనిపించింది, బల్ల మీద ఉన్నవన్నీ ఆయన మొహాన కొట్టాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. మెట్లు దిగుతూ, తిట్టడానికి తనకి నోరెక్కడుందని అనుకుంది.

సాయంత్రం కొట్టుకి వెళ్ళేసరికి మాస్టారు బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోస్తున్నాడు. ఆపరేషను ఎల్లుండి. ఒప్పుకున్న బట్టలు కోసి పెడితే మిగతాది తను కుడతానంది భార్య. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతులు మాత్రం కాజాల మీదే ఉన్నాయి. ఈసారి రామ్మా అనలేదు. పీట జరిపి చోటిచ్చింది.

"మీ కోటు అయిపోయిందమ్మా," అన్నాడు టైలరు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, కుట్ల వల్ల. "జేబుకి రెండు వరసలు వేశాను. ఇంక మీరు రాళ్ళు పోసుకున్నా ఊడదు."

"మాస్టారూ…"

"ఒక సంగతి అడగాలి మిమ్మల్ని. డాక్టరు గారు ఏవేవో చెప్పారు కానీ నా బుర్రకెక్కలేదు. మచ్చ తొమ్మిది కదా. కుట్టుకి ఎంత వదులుతారు?"

ఆమెకి అర్థమైంది. "చుట్టూ ఒక సెంటీమీటరు అదనంగా తీస్తారు మాస్టారూ. ఎటు చూసినా."

"ఓహో. మేము కుట్టుకని గుడ్డ ఎక్కువ ఉంచి కోస్తాం. మీవాళ్ళు ఎక్కువ తీసేసి కోస్తారు." సుద్దముక్కతో బల్ల మీది గుడ్డ మీద చిన్న గీత గీశాడు. "అటు పది, ఇటు పది, మధ్యలో తొమ్మిది. ఇరవైతొమ్మిది." టేపు ఆనించి అంత దూరాన ఇంకో గీత గీసి, రెండు గీతల మధ్య ఎడాన్ని చాలాసేపు చూశాడు. చొక్కాకైతే అదేం పెద్ద ముక్క కాదు.

"మరి ఆ మందు? నాకు పనిచేసిందా, లేదా?" అన్నాడు. "బుగ్గలోది తగ్గింది కదా. అదైనా చెప్పండి. నావల్ల ఎవరికైనా…"

అబద్ధం చెబితే ఎవరికీ నష్టం లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మీకిచ్చింది మందు కాదు మాస్టారూ. పిండి. ఇవాళే కవరు తెరిచారు."

కాజా కుడుతున్నావిడ లేచి నిలబడింది. గోడ దగ్గరికి వెళ్ళి పదకొండు కార్డుల్నీ ఒక్కసారే పీకేసింది. "పిండా? పిండి మింగడానికా పొద్దున్నే లేపి నీళ్ళిచ్చాను? ఒంట్లో బాలేని రోజు కూడా, ఏడైంది ఏడైందని ప్రాణం తీశారు కదండీ నాది! పిండికా?" ఆ కార్డుల్ని ఎక్కడ పడెయ్యాలో తెలియక గుండెకి అదుముకుని అలాగే ఏడ్చింది.

టైలరు ఆవిణ్ణి ఆపలేదు. కాసేపటికి, "పిండి అయినా టైముకి మింగాం కదే," అన్నాడు. నవ్వబోయాడు కానీ కుట్లు లాగాయి.

తరవాత స్కేలక్క వైపు తిరిగాడు. "ఆరోజు ఆయన వేలుపెట్టి ఏం లేదన్నారు. మీరు మర్నాడే కొట్టుకొచ్చి కొలిచారు. మీ ఉద్యోగం మీద కూడా వచ్చిందటగా, కింద గదిలో వేశారని విన్నాను. మీ రుణం తీరేది కాదమ్మా. మీరే లేకపోతే ఇది ఇంకా ఎంతయ్యేదో."

అదే ఆమె భరించలేకపోయింది. పెద్దడాక్టర్ని పాపాత్ముణ్ణి చేసి, తను దేవతైపోయి, కుట్టిన కోటు తొడుక్కుని వెళ్ళిపోవచ్చు. ఫైలులో పోయిన నెల పేజీని ఇంక ఎవరూ తిప్పరు. ఆ ఫైలు రేపో ఎల్లుండో కింద గదికే వస్తుంది. తనే దుమ్ము దులిపి పైఅరలో పెడుతుంది.

"పోయిన నెల కూడా ఉంది మాస్టారూ," అంది.

అతను చూశాడు.

"పోయిన నెలే చూశాను. చిన్నగా, ఎర్రగా. ఉందని రాస్తే ఆరు పేజీలు నింపాలి. అన్నం వేళైంది. లేవని పెట్టేశాను. అప్పుడు అలా పెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టాను."

మాస్టారి భార్య ఏడుపు ఆగిపోయింది. కార్డులు అలాగే గుండెకి అదుముకుని స్కేలక్క మొహంలోకి చూసింది. ఆ చూపుకి స్కేలక్క తల తిప్పుకోలేదు.

టైలరు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "ఎంతుంది అప్పుడు?"

"నాలుగు ఉండొచ్చు."

"ఉండొచ్చా?"

"కంటితో చూసిందే."

"అప్పుడే కోసుంటే, ఇంత పోయేది కాదా?" గుడ్డ మీద రెండు గీతల్నీ వేలితో చూపించాడు.

"తెలీదు మాస్టారూ. నేను కొలవలేదు."

అతను కోటు తీసుకున్నాడు. జేబు మూలలో వదులుగా వేలాడుతున్న దారం కొస ఒకటి కనపడింది. పళ్ళతో తెంపబోయి, గుర్తొచ్చి, కత్తెర కోసం చూసి, దాంతో కత్తిరించాడు. కోటుని చేతులు లోపలికి మడిచి, మెడ పైకి వచ్చేలా సర్ది, ఆమె చేతిలో పెట్టాడు.

"కొలవాల్సిందమ్మా," అన్నాడు. ఒక పనివాడు ఇంకో పనివాడికి పనిలో తప్పు చూపించినట్టు అన్నాడు. అని, కత్తెర అందుకుని మళ్ళీ బల్ల మీదికి వంగాడు.